సీసా చేతికి అందేలా పెట్టండి: సరిహద్దు జిల్లాల చిన్నాసుపత్రుల్లో ఇన్ఫెక్షన్లు ఆపడం ఎలా

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనున్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఇరవై ముప్ఫై మంచాల ఆసుపత్రుల్లో డ్యూటీ చేసే సిస్టర్ల కోసం, ఆ ఆసుపత్రులు నడిపే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మన దగ్గర మైక్రోబయాలజిస్టు ఉండరు. కల్చర్ (ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష) తీస్తే బయటికి పంపాలి, రిపోర్టు వచ్చేసరికి రోగి ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. ట్యాంకులో ఎన్ని నీళ్లుంటే అన్నే. కరెంటు ఉంటేనే ఆటోక్లేవ్ (పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం). ఒక రోగి వెంట నలుగురు వస్తారు. ఇన్ని ఇబ్బందులున్నా చేయగలిగింది చాలా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన లెక్క ప్రకారం పేద, మధ్యస్థ దేశాల్లో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 15 మందికి అక్కడే కనీసం ఒక ఇన్ఫెక్షన్ అంటుకుంటోంది. చేతుల శుభ్రతతో పాటు ఖర్చు తక్కువైన మరికొన్ని పద్ధతులు పాటిస్తే ఇందులో 70 శాతం దాకా ఆపవచ్చని కూడా అదే సంస్థ చెప్పింది.

నేను నర్సుగా చేరిన కొత్తలో, అప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రిలో, సిజేరియన్ అయిన ఒకావిడకు ఎనిమిదో రోజున కుట్లు విచ్చుకుని చీము పట్టింది. అదే వారంలో పక్క మంచాల్లో మరో ఇద్దరికి అదే జరిగింది. వాళ్లలో ఒకావిడ సవర పిల్ల, తొలి కాన్పు. ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఇంటి దగ్గర కూలి పోయింది, బిడ్డకు పాలు సరిగా పట్టలేకపోయింది. చేతులు కడుక్కోవాలని మాలో తెలియనివాళ్లు ఎవరూ లేరు. కానీ కుళాయి ఉన్నది వరండా చివర, వార్డు మధ్య నుంచి ముప్ఫై అడుగుల దూరంలో. పన్నెండు మంది డ్రెస్సింగులు చేయాల్సిన సిస్టర్ పన్నెండు సార్లు అంత దూరం నడవదు, నడవలేదు. ఆ కుళాయిని వార్డు తలుపు పక్కకు మార్పించడానికి నాకు ఏడాది పట్టింది. అప్పటి నుంచి ఎక్కడ చేరినా నా మొదటి పని వస్తువులు ఎక్కడున్నాయో చూడటం. మనుషుల్ని మందలించడం ఆ తర్వాతి సంగతి.

మొదటి పని: ఒక గంట కూర్చుని చూడండి

ఉదయం రౌండ్స్ అయ్యాక, ఇంజెక్షన్లు ఇచ్చే సమయానికి వార్డులో ఒక మూల కుర్చీ వేసుకోండి. ఎవరికీ ఏమీ చెప్పవద్దు. ఒక కాగితం మీద రెండు గీతలు గీసి, చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భం వచ్చిన ప్రతిసారీ ఒక వైపు, నిజంగా చేసుకున్న ప్రతిసారీ రెండో వైపు టిక్కు పెట్టండి. ఎవరి పేరూ రాయవద్దు. పేరు రాస్తే రేపటి నుంచి మీరు కనిపించినప్పుడు మాత్రమే చేతుల మందు సీసా నొక్కుతారు.

ఆ గంటలోనే ఇంకో మూడు సంగతులు గమనించండి. చేతులకు రాసుకునే మందు సీసా ఎంత దూరంలో ఉంది? సూది గుచ్చాక దాన్ని వేసే డబ్బా ఎంత దూరంలో ఉంది? మంచానికీ మంచానికీ మధ్య ఎంత ఖాళీ ఉంది? మధ్యలో కనీసం ఒక మీటరు ఉండాలి. మలేరియా, విరేచనాల కాలంలో మంచాలు దగ్గరికి జరిపేస్తాం, నాకు తెలుసు. తప్పనప్పుడు ఒకరి తల ఉన్నవైపు పక్కవాళ్ల కాళ్లు వచ్చేలా పడుకోబెట్టండి. ఒకరి దగ్గు ఇంకొకరి ముఖం మీద పడకుండా ఆ మాత్రం దూరమైనా మిగులుతుంది.

చేతులు

దీని గురించి ఎక్కువే రాస్తాను. మిగతావన్నీ సరిగా చేసి దీన్ని వదిలేస్తే ఫలితం ఉండదు.

చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాలు ఐదు. రోగిని ముట్టుకునే ముందు. సూది, డ్రెస్సింగ్, కేథటర్ (మూత్రపు గొట్టం) లాంటి శుభ్రమైన పని మొదలుపెట్టే ముందు. రక్తం, మూత్రం, చీము తగిలే అవకాశమున్న పని అయ్యాక. రోగిని ముట్టుకున్న తర్వాత. రోగిని ముట్టుకోకపోయినా అతని మంచం కడ్డీ, సెలైన్ స్టాండు, దుప్పటి తాకిన తర్వాత. అందరూ మరిచిపోయేది ఈ చివరిదే. స్టాండు సరిచేసి, ఆ చేత్తోనే పక్క రోగి క్యాన్యులా (సెలైన్ కోసం నరంలో పెట్టే చిన్న గొట్టం) పట్టుకుంటాం.

చేతులకు మురికి కంటికి కనిపించనప్పుడు ఆల్కహాల్ ద్రావణం మేలు. అరచేతి నిండా తీసుకుని 20 నుంచి 30 సెకన్లు, ఆరేదాకా రుద్దాలి. చొక్కాకు తుడిచేస్తే పని కాలేదన్నమాట. వేళ్ల చివరలు, బొటనవేలు, వేళ్ల సందులు, ఈ మూడు చోట్లే ఎక్కువగా తప్పిపోతాయి. రక్తమో మలమో అంటినప్పుడు, విరేచనాల రోగి దగ్గర పనిచేసినప్పుడు సబ్బు, నీళ్లే వాడాలి. తడపడం నుంచి ఆరబెట్టడం దాకా 40 నుంచి 60 సెకన్లు పడుతుంది.

ఇక సీసాలు ఎక్కడ పెట్టాలన్నది. ప్రతి రెండు మంచాలకు ఒక సీసా, మంచం కాళ్లవైపు కడ్డీకి తీగతో కట్టండి. డ్రెస్సింగ్ ట్రాలీ మీద ఒకటి, వార్డు తలుపు దగ్గర ఒకటి. సీసాలు ఇళ్లకు పోతాయని కొందరు స్టోర్‌లో పెట్టి తాళం వేస్తారు. నెలకు నాలుగు సీసాలు పోవడం, ఒక్క రోగికి కుట్లు పాడై పదిహేను రోజులు ఎక్కువగా ఉండటం, ఈ రెండింటి ఖర్చూ పక్కపక్కన రాసి యాజమాన్యానికి చూపించండి. నేను అలా చూపించాకే తాళం తీశారు.

బజారులో కొనలేకపోతే ఫార్మసిస్టు చేత ఆసుపత్రిలోనే తయారు చేయించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పాళ్లు ఇవి: 10 లీటర్లకు 96 శాతం ఇథనాల్ 8333 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 మిల్లీలీటర్లు, 98 శాతం గ్లిజరిన్ 145 మిల్లీలీటర్లు. తర్వాత కాచి చల్లార్చిన నీళ్లతో 10 లీటర్లు నింపాలి. 72 గంటలు కదపకుండా ఉంచాకే సీసాల్లో పోయాలి. పెరాక్సైడ్‌లో, సీసాల్లో ఉన్న సూక్ష్మజీవుల బీజాలు ఆ వ్యవధిలో చస్తాయి. నిప్పు, స్విచ్చులు దగ్గర లేని గదిలో చేయాలి. గ్లిజరిన్ తగ్గించవద్దు. చర్మం పగిలితే సిస్టర్లు సీసా ముట్టుకోవడమే మానేస్తారు.

నీళ్లు రాని రోజులకు కుళాయి బిగించిన మూత బకెట్టు ఒకటి, కింద ఒక టబ్బు పెట్టండి. మగ్గు ముంచి చేతులు కడిగితే ఆ బకెట్టు మొత్తం పాడవుతుంది. సబ్బును చిన్న ముక్కలుగా కోసి, నీరు కారిపోయే గిన్నెలో ఉంచండి. లిక్విడ్ సోపు అయితే సగం అయిపోయిన సీసా మీద కొత్తది పోయవద్దు. పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి అప్పుడు నింపండి. మేకుకు వేలాడే ఆకుపచ్చ టవల్‌ను ఇవాళే తీసేయండి. పాత దుప్పట్లను జేబురుమాలంత ముక్కలు చేసి, ఒకసారి వాడిన ముక్కను ఉతుకుల బుట్టలో వేస్తే చాలు.

ఉంగరం, వాచీ డ్యూటీలో తీసేయాలి. గాజుల సంగతి మన ఇళ్లలో సున్నితమైనదే. పెళ్లయిన పిల్లను చేతులు బోసిగా పెట్టుకోమనడం నాకూ ఇష్టం ఉండదు. అయినా గాజుల కింద చర్మానికి మందు అందదు. డ్యూటీ గదిలో తాళం ఉన్న చిన్న పెట్టె ఇచ్చి, గాజులు అందులో పెట్టుకుని డ్యూటీ దిగాక వేసుకోమనండి. మా దగ్గర ఇద్దరు పెద్ద సిస్టర్లు ముందు తీశాక మిగిలినవాళ్లూ తీశారు.

గ్లవ్స్ వేసుకున్నామని చేతులు వదిలేయవద్దు. గ్లవ్స్‌కు కంటికి కనపడని చిల్లులుంటాయి. ఒకే జతతో నాలుగు మంచాలు తిరిగితే ఉత్త చేతులతో తిరిగినట్టే.

సూది, సెలైన్

ఒక సూది, ఒక సిరంజి, ఒక్క రోగికి ఒక్కసారి. ఇది అందరూ పాటిస్తున్నారు. తప్పులు జరిగేది దాని పక్కన ఉండే చిన్న పనుల్లో.

ఒక సెలైన్ బాటిల్ తెరిచి, పొద్దుటి నుంచి రాత్రి దాకా అందులోంచే తీసి అందరి క్యాన్యులాలు ఫ్లష్ చేయడం. ఒక్క చేతి క్రిమి ఆ బాటిల్లోకి చేరితే వార్డంతా ఒకేసారి చలిజ్వరాలు మొదలవుతాయి. 10 మిల్లీలీటర్ల చిన్న ఆంపుల్స్ తెప్పించండి, రోగికి ఒకటి.

వయల్ (ఇంజెక్షన్ మందు సీసా) రబ్బరు మూతకు సూది గుచ్చి అలాగే వదిలేయడం. మళ్లీ మళ్లీ తీయడానికి సులువని చేస్తారు, గాలిలోని దుమ్ము, క్రిములు లోపలికి పోవడానికీ అదే దారి. ప్రతిసారీ మూతను స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, కొత్త సూదితో తీయాలి. ఎక్కువ డోసులున్న వయల్ మీద తెరిచిన తేదీ రాయండి. తయారీదారు వేరే గడువు చెప్పకపోతే 28 రోజుల తర్వాత పారేయాలి.

సెలైన్ ఆగిపోతోందని ప్లాస్టిక్ బాటిల్ పైన సూదితో పొడవడం. మన వైపు ఇది చాలా మామూలైపోయింది. అలా పొడిస్తే వార్డు గాలి నేరుగా రోగి రక్తంలోకి వెళ్లే ద్రవంలో కలుస్తుంది. గాలి రంధ్రం, ఫిల్టరు ఉన్న ఐవీ సెట్లు దొరుకుతాయి. ఇండెంటులో (స్టోర్‌కు పంపే సరుకుల జాబితాలో) అవే రాయించండి.

క్యాన్యులా పెట్టేచోట స్పిరిట్ రాశాక 30 సెకన్లు ఆగండి. తడి మీద గుచ్చితే స్పిరిట్ రాయనట్టే. ఆరేలోగా మళ్లీ వేలితో నరం నొక్కి చూడవద్దు. ప్లాస్టర్ మీద తేదీ, వేళ రాయండి. ప్రతి డ్యూటీ మార్పులో చూసి, ఎర్రబడినా వాచినా నొప్పి ఉన్నా వెంటనే తీసేయండి. నోటితో మందులు మింగగలిగే రోగికి “ఉంటే మంచిదేలే” అని క్యాన్యులా ఉంచవద్దు.

మూత్రపు గొట్టం

రోజూ ఉదయం ఒకే ప్రశ్న వేయండి: ఈ రోగికి ఇవాళ కేథటర్ అవసరమా? బట్టలు తడుపుతున్నాడని, ఆయా తక్కువగా ఉందని వేసిన కేథటర్లు చాలా కనిపిస్తాయి. ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్‌కు అవకాశం పెరుగుతుంది. బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కింద ఉండాలి, నేలకు తగలకూడదు. ఎక్స్‌రేకు తీసుకెళ్లేటప్పుడు బ్యాగును రోగి పొట్ట మీద పెట్టి స్ట్రెచర్ తోస్తారు, మూత్రం వెనక్కి పోతుంది. ఒక్కో రోగి బ్యాగు ఖాళీ చేయడానికి ఒక్కో పాత్ర, ఒకరికీ ఒకరికీ మధ్య గ్లవ్స్ మార్పు, చేతుల శుభ్రత. బ్యాగు, గొట్టం కలిసే చోటు విడదీయవద్దు.

బ్లీచింగ్ పాళ్లు

మనకు సులువుగా, చవకగా దొరికే ఆయుధం బ్లీచింగ్ పొడి. దాన్ని కంటి అంచనాతో కలపడమే సమస్య. ఒకరు గుప్పెడు వేస్తారు, ఒకరు చెంచాడు.

రక్తం, చీము పడిన చోటికి 1 శాతం ద్రావణం కావాలి. 30 శాతం క్లోరిన్ ఉన్న పొడి అయితే లీటరు నీళ్లకు 33 గ్రాములు, 5 లీటర్ల బకెట్టుకు 165 గ్రాములు. రోజూ తూకం ఎవరూ వేయలేరు. అందుకే ఒక్కసారి కిరాణా కొట్టు తక్కెడ మీద 165 గ్రాములు తూచి, ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి, అంతవరకు బయట ఎర్ర పెయింటుతో గీత గీయండి. బకెట్టుకు 5 లీటర్ల దగ్గర ఇంకో గీత. చదువు రాని ఆయా కూడా తప్పకుండా కలుపుతుంది. 5 శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్) ద్రావణం కొంటే ఒక పాలు హైపోకు నాలుగు పాళ్ల నీళ్లు. 10 శాతానిదైతే ఒకటికి తొమ్మిది.

ఏ రోజు ద్రావణం ఆ రోజే. ఎండ తగిలినా మూత తీసి ఉంచినా బలం పోతుంది. మన ఎండాకాలంలో స్టోర్ గది రేకుల కింద పెట్టిన బస్తా మూడు నెలల్లో వాసన తగ్గిపోవడం మీరూ చూసే ఉంటారు. చిన్న బస్తాలు కొనండి, మూత బిగుతుగా ఉంచండి. బ్లీచింగ్‌ను టాయిలెట్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపవద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరి ఆడదు. స్వీపర్‌తో ఈ మాట ఆమె భాషలోనే చెప్పి, మళ్లీ ఆమె చేత చెప్పించుకోండి.

నేల మీద రక్తం పడితే: గ్లవ్స్ వేసుకుని, పాత గుడ్డో కాగితమో పరిచి, దాని మీద 1 శాతం ద్రావణం అంచుల నుంచి మధ్యకు పోసి, కనీసం 10 నిమిషాలు ఉంచి, తుడిచి, ఆ గుడ్డను పసుపు సంచిలో వేసి, అప్పుడు సబ్బునీళ్లతో కడగాలి.

మామూలు నేలకు రోజూ ఇంత బలమైన బ్లీచింగ్ అక్కర్లేదు, సబ్బునీళ్లు చాలు. వార్డులో పొడి చీపురుతో ఊడవవద్దు. దుమ్ము లేచి గాయాల మీద పడుతుంది. తడి మాపుతో, లోపలి మూల నుంచి తలుపు వైపుకు రావాలి. ఓటీ, లేబర్ రూమ్, వార్డు, బాత్రూము, వీటికి వేర్వేరు మాపులు, కర్రలకు వేర్వేరు రంగుల గుడ్డపీలికలు కట్టి. పని అయ్యాక మాపు ఉతికి ఎండలో వేలాడదీయాలి. రాత్రంతా మురికినీటి బకెట్టులో నానిన మాపుతో తెల్లారి వార్డు తుడిస్తే క్రిములను నేలంతా పరిచినట్టు. ఇంకొక మాట: నేల మెరుస్తుంటే వార్డు శుభ్రంగా ఉందనుకుంటాం, చేతులు తగిలేవి మాత్రం మంచం కడ్డీలు, స్విచ్చులు, తలుపు గొళ్లెం, స్టాండు, కుళాయి పిడి, బీపీ మిషను పట్టీ. రోజుకు రెండుసార్లు ముందు వాటిని తుడిపించండి.

ఆటోక్లేవ్, డ్రమ్ములు

ముందు కడగాలి. రక్తం ఎండిపోయిన కత్తెరను ఎంత వేడిలో పెట్టినా ఆ పెచ్చు కింద క్రిమి బతుకుతుంది. కీళ్లు విప్పి, బ్రష్‌తో, నీటి లోపలే రుద్దండి. పైన రుద్దితే తుంపరలు ముఖం మీద పడతాయి.

మన కుక్కర్ రకం ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు, 15 పౌండ్ల పీడనం, గుడ్డలో చుట్టినవాటికి 30 నిమిషాలు. పీడనం 15కు చేరాకే లెక్క మొదలు. మధ్యలో కరెంటు పోతే లెక్క మళ్లీ సున్నా నుంచి. ఇరవై నిమిషాలయ్యాక పోయింది, పది నిమిషాలే కదా మిగిలింది అనుకోవద్దు. డ్రమ్మును (గుడ్డలు, కట్లు పెట్టే స్టీలు డబ్బాను) కుక్కి నింపితే ఆవిరి లోపలికి పోదు. చేతివేళ్లు గుడ్డల మధ్య సులువుగా దూరాలి. డ్రమ్ము కిటికీలు లోపల ఉన్నంతసేపూ తెరిచి, తీసిన వెంటనే మూయాలి. తడిగా వచ్చిన కట్టను వాడవద్దు, తడి గుడ్డ గుండా క్రిములు లోపలికి పోతాయి.

ఇండికేటర్ టేపు మీద చారలు నల్లబడ్డాయంటే వేడి తగిలిందనే అర్థం, లోపలున్నవన్నీ శుద్ధి అయ్యాయని కాదు. వీలైతే వారానికి ఒకసారి జీవ పరీక్ష (లోపల పెట్టిన క్రిమి బీజాలు చచ్చాయో లేదో చూడటం) చేయించండి. నీళ్లలో మరిగించడం స్టెరిలైజేషన్ కాదు. ధనుర్వాతం క్రిమి బీజాలు మరుగునీటికి చావవు.

ఆపరేషన్ ముందు బ్లేడుతో గీకవద్దు. చర్మం మీద పడే సన్నటి గాట్లలో క్రిములు పెరుగుతాయి. వెంట్రుకలు అడ్డమైతే క్లిప్పరుతో కత్తిరించాలి. ముందుగా ఇచ్చే యాంటీబయోటిక్ కోత పెట్టడానికి ముందు ఒక గంట లోపల పడాలి. వార్డులో పొద్దున్నే ఇచ్చేసి, పదకొండింటికి ఓటీలోకి తీసుకెళ్తే ప్రయోజనం పోయినట్టే. ఈ ఇంజెక్షన్‌ను ఓటీ బల్ల దగ్గర ఇచ్చే పద్ధతి పెట్టుకుంటే మరిచిపోవడం ఉండదు.

లేబర్ రూమ్

చేతులు, తల్లి శరీరం, బల్ల, బొడ్డు కోసే బ్లేడు, కట్టే దారం, ఆ తర్వాత బొడ్డు. ఈ ఆరూ శుభ్రంగా ఉండాలి. పసుపు, బూడిద, నూనె ఏదీ బొడ్డుకు రాయనివ్వవద్దు. 2015లో మన దేశం తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ప్రకటించింది. అది అలాగే నిలబడాలంటే ఇంటికి పంపేటప్పుడు బామ్మకు కూడా ఈ మాట చెప్పాలి, కోడలికి ఒక్కదానికే చెబితే సరిపోదు.

ఎవరిని ఎక్కడ పడుకోబెట్టాలి

రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవాళ్లను క్షయ కాదని తేలేదాకా కిటికీ పక్క మంచంలో ఉంచి, మామూలు సర్జికల్ మాస్కు ఇవ్వండి. దగ్గర పనిచేసే సిస్టర్‌కు ఎన్95. ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంచితే చాలు, గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు పోతుంది. కోరాపుట్, సిమిలిగుడ వైపు డిసెంబరు చలికి కిటికీలన్నీ బిగించేస్తారు. ఆ నెలల్లో రోగికి ఇంకో కంబళి ఇచ్చి, పై కిటికీలైనా తెరిచి ఉంచండి.

విరేచనాల రోగులు వేరు గది, వేరు బాత్రూము. 2007 వానాకాలంలో రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా వచ్చింది. అలాంటి రోజుల కోసం పాళ్లు గోడ మీద రాసి ఉంచండి: మలం, వాంతి పడిన బకెట్టులోకి 2 శాతం క్లోరిన్, అంటే లీటరుకు 67 గ్రాముల పొడి. నేలకు 0.2 శాతం, లీటరుకు 7 గ్రాములు.

మలేరియా రోగికి దోమతెర తప్పనిసరి. అతన్ని కుట్టిన దోమ కొన్నాళ్ల తర్వాత ఇంకొకరిని కుడుతుంది, కాబట్టి ఆ జ్వరం కూడా మన వార్డులోనే అంటినట్టు లెక్క.

పెద్దాసుపత్రి ఐసీయూలో వారాల తరబడి ఉండి తిరిగొచ్చిన రోగి మొండి క్రిములు వెంట తెచ్చి ఉండవచ్చు. మూల మంచం, అతనికే ఒక బీపీ పట్టీ, ఒక థర్మామీటరు ఇవ్వండి. అతని దగ్గర పని చివర పెట్టుకోండి. ఇది అతన్ని దూరం పెట్టడం కాదని ఇంటివాళ్లకు వివరంగా చెప్పండి, లేకపోతే మనసు కష్టపెట్టుకుంటారు.

తోడుండేవాళ్లు

వాళ్లు లేకపోతే మన వార్డు ఒక్క పూట నడవదు. రోగికి స్నానం, తిండి, బాత్రూము అన్నీ వాళ్లే చూస్తారు. మరి వాళ్ల చేతులకు సబ్బు ఎవరిస్తున్నారు? అడ్మిషన్ రోజునే ఒక చిన్న సబ్బు ముక్క ఇచ్చి, కుళాయి చూపించండి. రోగికి ఒక్కరే తోడు ఉండాలి, మంచం మీద కూర్చోకూడదు, పక్క రోగికి సాయం చేస్తే మధ్యలో చేతులు కడుక్కోవాలి. సంత రోజున చూడటానికి వచ్చే బంధువులకు వరండాలో బల్ల వేయించండి.

భాష సంగతి ముఖ్యం. మన వార్డులో ఒక మంచం మీద తెలుగు, పక్కన ఒడియా, ఆ పక్కన సవర, కువి అనే కొండ తెగల భాషలు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు, ఆ పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించాలని. మనకు అంత పాండిత్యం అక్కర్లేదు. “హాత ధుఅ” (చేతులు కడుక్కో) అని నవ్వుతూ అనగలిగితే ఒడియా పల్లె నుంచి వచ్చిన మావుసీ (పిన్ని) “హఁ దిదీ” (సరే అక్కా) అని లేస్తుంది. సవర, కువి తెలిసిన ఆయా ఉంటే రోజూ సాయంత్రం పది నిమిషాలు ఆమెతోనే చెప్పించండి. గోడ మీద అక్షరాలకంటే బొమ్మలు వేయించండి.

చెత్త, సూది పోటు

2016 నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, గుడ్డలు, మాయ పసుపు సంచిలోకి. ఐవీ సెట్లు, గ్లవ్స్, సూది తీసిన సిరంజిలు, యూరిన్ బ్యాగులు ఎర్ర సంచిలోకి. సూదులు, బ్లేడులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. గాజు నీలం డబ్బాలోకి. ఏదైనా ముప్పాతిక నిండగానే మూసేయాలి. శుద్ధి చేయని వ్యర్థాలు 48 గంటలకు మించి ఆసుపత్రిలో ఉండకూడదు. పెరట్లో తగలబెట్టవద్దు.

సూదికి మూత మళ్లీ పెట్టవద్దు. తెల్ల డబ్బా ట్రాలీ మీదే ఉంటే మూత పెట్టాల్సిన అవసరమే రాదు. అయినా గుచ్చుకుంటే పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు. పారే నీటి కింద సబ్బుతో కడగండి. వెంటనే డాక్టరుకు చెప్పండి. రోగి రక్తం, మీ రక్తం పరీక్షకు పంపాలి. హెచ్ఐవీ మందులు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. కోర్సు 28 రోజులు. తొలి డోసు ఏ అలమారాలో ఉందో, రాత్రి తాళం ఎవరి దగ్గరుందో ఇవాళే కనుక్కోండి. కొత్త పిల్లలు తిడతారని భయపడి గుచ్చుకున్న సంగతి దాస్తారు. అలా దాచకుండా చూసుకోవాల్సిన బాధ్యత ఇన్‌ఛార్జి సిస్టర్‌ది. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు (మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు) నర్సులతో పాటు స్వీపర్లకు, ఆయాలకు కూడా వేయించండి. సంచులు మోసేది వాళ్లు. వాళ్లను మరిచిపోవడం నేను చాలా చోట్ల చూశాను, చూసిన ప్రతిసారీ బాధేసింది.

ఒక నోటు పుస్తకం

కంప్యూటర్ అక్కర్లేదు. రెండు వందల పేజీల పుస్తకంలో ఆపరేషన్ అయిన ప్రతి రోగికి ఒక వరుస: తేదీ, ఏ ఆపరేషన్, యాంటీబయోటిక్ ఇచ్చిన వేళ, ఫోన్ నంబరు, ఊరి ఆశా కార్యకర్త నంబరు. కుట్లలో ఇన్ఫెక్షన్ ఆపరేషన్ తర్వాత 30 రోజుల దాకా బయటపడవచ్చు. మన రోగులు కొండెక్కాక మళ్లీ రారు. చీము పట్టినా ఆకుపసరు కట్టుకుని ఊరుకుంటారు, మన పుస్తకంలో మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే ఏడో రోజు, పదిహేనో రోజు, ముప్ఫయ్యో రోజు ఫోన్ చేయాలి. “కుట్ల దగ్గర తడిగా ఉందా? జ్వరం వచ్చిందా? వాసన వస్తోందా?” ఈ మూడు అడిగితే చాలు. సిగ్నల్ లేని ఊరైతే ఆశాను అడగండి.

నెలాఖరున ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ల సంఖ్యను మొత్తం ఆపరేషన్లతో భాగించి 100తో గుణించండి. ఆ అంకె డ్యూటీ గదిలో రాయండి, ఎవరి పేరూ లేకుండా. మొదటి రెండు మూడు నెలలు అంకె పెరుగుతుంది. అంతకు ముందు మనం లెక్కపెట్టలేదు కాబట్టి పెరుగుతుంది. యాజమాన్యం కంగారు పడితే ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. ఒకే వారంలో ఇద్దరికి వస్తే నెలాఖరు దాకా ఆగకుండా ఆ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో అదే రోజు వెతకండి: ఒకే డ్రమ్మా, ఒకే ట్రాలీయా, ఒకే బెటాడిన్ గిన్నెనా, ఖాళీ అయి రెండు రోజులుగా ఎవరూ నింపని సీసానా.